వర్తకుని కంప్యూటరు – దాని సంరక్షణ

నాయుడుపేటలో ఒక బియ్యపు మిల్లు యజమానితో ఇటీవల మేము మాటలాడుచుండగా ఆయన తన అనుభవము ఒకటి చెప్పినారు. దానితోనే ఈ ప్రసంగము ఆరంభింతుము.

ఒకనాటి సాయంకాలము. పది కిలోల సంచులలో నింపిన బియ్యముతో లారీ నిండినది. సరకు చేరవలసినది చెన్నై. అచ్చటికి దూరము సుమారు 110 కిలోమీటర్లు. హమాలీలు కూలి పుచ్చుకొని ఇండ్లకు పోయిరి. డ్రైవరు బండిలో ఎక్కి కూర్చున్నాడు. సర్వమును సిద్ధమే గాని, సరకు వెంట నుండవలసిన ఈ-వే బిల్లు మాత్రము లేదు. విలువ యాబది వేల రూపాయలకు మించి, పన్ను వర్తించు సరకు ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు పోవునపుడు ఆ బిల్లు వెంట నుండవలెనని 2018 ఏప్రిల్ 1 నుండి నియమము కలదు. 25 కిలోలు గాని అంతకు తక్కువ గాని తూకముతో సంచికట్టి పేరు ముద్రించి అమ్ము బియ్యమునకు 2022 జూలై 18 నుండి పన్ను ఏర్పడినందున ఆ సరకునకు బిల్లు తప్పనిసరియైనది.

మిల్లులో కంప్యూటరు చెడలేదు. కరెంటు పోలేదు. ఇంటర్నెట్టు ఆగలేదు. కాని బిల్లు తీయుటకు కావలసిన పాస్‌వర్డు మిల్లులో ఎవ్వరికిని తెలియదు. తెలిసిన గుమాస్తా పదునైదు దినముల క్రిందటనే శ్రీసిటీలో మంచి ఉద్యోగము దొరకి వెడలిపోయినాడు. పోనీ, క్రొత్త పాస్‌వర్డు తీసికొందమన్న, అందుకు వచ్చు అంకెలు ఖాతాలో నమోదైన సెల్‌ఫోనునకే వచ్చును. ఆ ఫోను గుమాస్తాది. యజమాని అతనికి ఫోను చేసి, "ఏమబ్బాయ్, మిల్లు తాళంచెవి జేబులో వేసుకొని పోయినావా?" అని అడిగినారట. దానికి ఆ యువకుడు, "అయ్యా, నేను తీసుకొని పోలేదు. మీరే ఇచ్చినారు. పోయేటప్పుడు తిరిగి అడగలేదు" అన్నాడట.

లారీ ఆ రాత్రి మిల్లు ముంగిటనే నిలిచినది. నిలుపుదల బాడుగ యజమానిపై పడినది. మరునాడు గుమాస్తా సెలవు దొరకించుకొని ఫోనులో అంకెలు చెప్పినపిమ్మట గాని సరకు కదలలేదు.

ఈ వృత్తాంతములో దుర్మార్గులు ఎవ్వరును లేరు. గుమాస్తా నిజాయితీపరుడు. యజమాని లెక్కలలో ఆరితేరినవారు. లోపము ఎచ్చట ఉన్నదనగా, ఆ మిల్లులో ధాన్యపు తూకమునకు ఒకరు, మరయంత్రమునకు ఒకరు, పద్దులకు ఒకరు బాధ్యులుగా ఉండగా, ఈ మూడింటిని మోయుచున్న కంప్యూటరునకు మాత్రము బాధ్యులు ఎవ్వరును లేరు. అది పనిచేసినంతకాలము దానిని ఎవ్వరును తలపరు. ఆగిననాడు ఊరంతయు వెదకుదురు.

ఇట్టి స్థితి ఈ మిల్లునకే పరిమితము కాదు. నాయుడుపేటను చూడుడు. స్వర్ణముఖీ తీరమున, చెన్నై–కలకత్తా రహదారిపై, గూడూరు–చెన్నై రైలు మార్గముపై ఉన్న పట్టణము ఇది. శ్రీకాళహస్తి మీదుగ తిరుపతికి పోవు బాటయు ఇచ్చటనే చీలును. ప్రక్కనే మేనకూరులో ప్రత్యేక ఆర్థిక మండలి ఉన్నది. దక్షిణమున తడ సమీపమున శ్రీసిటీ వెలసినది. 2022 ఏప్రిల్ 4న క్రొత్త జిల్లాలు ఏర్పడినపుడు ఈ పట్టణము నెల్లూరు జిల్లానుండి తిరుపతి జిల్లాలో చేరినది. ఇట్టి చోట వర్తకము పెరుగుట సహజము. దానితోపాటు కంప్యూటరు పని తెలిసిన యువకులు పెద్ద పరిశ్రమలకు, చెన్నైకి, తిరుపతికి తరలిపోవుటయు సహజమే. ఒక్క మిల్లో, ఒక్క మందుల దుకాణమో, ఒక్క ఎరువుల వర్తకుడో అట్టి నిపుణునకు పూర్తి జీతమిచ్చి నిలుపుకొనుట సాధ్యము కాదు. ఇచ్చినను అతనికి దినమంతయు పని ఉండదు. పైగా ఆ ఒక్కనికే యంత్రము, ఇంటర్నెట్టు, పన్నుల సాఫ్టువేరు, దొంగలనుండి రక్షణ – ఇన్నియు తెలిసియుండుట అరుదు.

మరి ఉపాయమేమి? కంప్యూటరు వ్యవస్థ సంరక్షణను బయటి సంస్థకు నెలవారీ ఒప్పందముపై అప్పగించుట. పెద్ద వ్యాపారులు ఈ మార్గమును త్రొక్కి చాలకాలమైనది. అమెరికాలో ఈస్ట్‌మన్ కొడక్ సంస్థ 1989లో తన కంప్యూటరు కేంద్రముల నిర్వహణను ఐ.బి.ఎం. సంస్థకు అప్పగించగా వ్యాపారలోకము ఆశ్చర్యపడినది. మన దేశములో 2004లో భారతీ ఎయిర్‌టెల్ సంస్థయు తన కంప్యూటరు వ్యవస్థను అదే ఐ.బి.ఎం.కు పదేండ్ల ఒప్పందముపై ఇచ్చినది. టెలిఫోను నడుపుట తమ పని, కంప్యూటర్లు కాచుట వేరొకరి పని అని వారు తలచిరి. బియ్యము ఆడించువారు అట్లు తలచుటలో తప్పులేదు గదా!

అయినను, "యంత్రము చెడిన దినమున మరమ్మతు చేయువానిని పిలుచుచునే ఉన్నాము. నెలనెలా డబ్బిచ్చుట ఎందులకు?" అని అడుగువారు కలరు. దీనికి సమాధానము మన పూర్వపు పల్లెలలోనే ఉన్నది. ఊరి కమ్మరికి, వడ్రంగికి నాగలి బాగుచేసినప్పుడెల్ల కూలి ఇచ్చెడివారు కారు. వారు ఆయగాండ్రు. పంట కళ్ళమునకు వచ్చినపుడు వారి భాగము ధాన్యము వారికి కొలిచి ఇచ్చెడివారు. నాగలి విరిగినను ఆ భాగము మారదు, విరుగకున్నను మారదు. కావున నాగలి విరుగకుండ చూచుటయే కమ్మరికి లాభము. లెక్కకొక కూలి పుచ్చుకొనువానికి విరుగుటయే లాభము. నెలవారీ సంరక్షణకును, పిలిచినపుడు వచ్చు మరమ్మతునకును గల భేదము ఇదియే. మొదటివాడు చెడకుండ కాచును. రెండవవాడు చెడినపిదప వచ్చును.

చెడకుండ కాచుట అనగా ఏమి? అందులకు మన ప్రాంతమునుండియే ఒక నిదర్శనము చూపెదము. 2017 మే 12న 'వన్నాక్రై' అను దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతట వ్యాపించినది. అది కంప్యూటరులోని కాగితములను చదువ వీలులేకుండ బిగించి, విడుదలకు సొమ్ము అడుగును. చిత్తూరు మొదలగు జిల్లాలలోని పోలీసు కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడినవి. తిరుమల తిరుపతి దేవస్థానము కార్యాలయములలోని కంప్యూటర్లు కొన్ని సైతము చిక్కుకొనినవి. ఇచ్చట గమనింపవలసినది ఒకటి కలదు. ఆ ప్రోగ్రాము చొరబడిన కంతను పూడ్చు సవరణను మైక్రోసాఫ్టు సంస్థ ఆ సంవత్సరము మార్చి 14ననే విడుదల చేసియుండెను. దాదాపు రెండు మాసముల వ్యవధి ఉన్నది. మందు అంగడిలో ఉన్నది. వేసిన యంత్రములు నిలిచినవి. వేయనివి పడినవి. ఆ సవరణను ప్రతి యంత్రమునకు వేసి, వేసినట్లు వ్రాసియుంచు మనిషి ఒకడు ఉన్నాడా లేడా అన్నదే తేడా.

ఆ ప్రశ్న పాతబడలేదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. మన బజారులోని దుకాణములలో ఏ యంత్రముపై ఏది నడచుచున్నదో చెప్పగల యజమానులు ఎందరు? సంరక్షకుడు మొదట చేయవలసిన పని ఈ జాబితా వ్రాయుటయే. పిదప సవరణలు వేయుట, లెక్కలకు దినదినము నకలు తీయుట, ఎవరు ఏ గదిలో ప్రవేశింపవచ్చునో నిర్ణయించుట, పన్నుల నియమములు మారినపుడు సాఫ్టువేరును సరిచేయుట, ఉద్యోగి మానినదినముననే అతని ప్రవేశము నిలుపుట – ఇవి అతని నిత్యకృత్యములు. బియ్యముపై పన్ను వచ్చిన పిమ్మట 26 కిలోల సంచి ఎట్లు పుట్టినదో శ్రోతలకు తెలియును. ఒక్క కిలో తేడాతో పన్ను మారునపుడు యంత్రమునకు ఆ తేడా తెలుపువాడు ఉండవలెను గదా!

లెక్కలు పోయిన పక్షమున నష్టము అసౌకర్యముతో ఆగదు. జి.ఎస్.టి. చట్టము ననుసరించి వర్తకుడు తన పద్దులను వార్షిక రిటర్ను గడువు తేదీ మొదలుకొని 72 నెలలు భద్రపరుపవలెను. ఆరేండ్ల పద్దులు ఒక పాత యంత్రములో, ఒకే ప్రతిగా ఉండుట ఎట్టిదో యోచింపుడు. ఇంట బంగారమును పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను కప్పు కారు గదిలో ఉంచుట వంటిది.

ఇంతవరకు లాభములు చెప్పితిమి. ఇంక మా మిల్లు యజమాని అడిగిన కఠినమైన ప్రశ్నకు వత్తుము. "లెక్కలన్నీ బయటివాని చేతిలో పెట్టితే నా గుట్టు ఊరంతా తెలియదా? పొరుగు మిల్లుకు కూడా వాడే పనిచేస్తాడు గదా?" అని ఆయన భయము. ఇది త్రోసివేయదగిన భయము కాదు. దీనికి సమాధానము పాస్‌పోర్టు కార్యాలయములో చూడవచ్చును.

తిరుపతిలోని పాస్‌పోర్టు సేవాకేంద్రమునకు పోయినవారికి జ్ఞాపకముండును. మొదటి వరుసలో ఛాయాచిత్రము, వ్రేలిముద్రలు తీసికొనువారు టాటా కన్సల్టెన్సీ సంస్థ ఉద్యోగులు. 2008లో ప్రభుత్వము ఈ వ్యవస్థను నెలకొల్పి నడుపు పనిని ఆ సంస్థకు అప్పగించినది. కాని రెండవ వరుసలో పత్రములు పరిశీలించువారును, మూడవ వరుసలో అనుమతి ఇచ్చువారును ప్రభుత్వోద్యోగులే. యంత్రములు నడుపుట బయటివారి చేతిలో ఉన్నది. పాస్‌పోర్టు ఇయ్యవలెనా వలదా అను అధికారము ప్రభుత్వము చేతిలోనే ఉన్నది. పనిని అప్పగింపవచ్చును, అధికారమును అప్పగింపరాదు. ఒక దేశ ప్రభుత్వమునకు సరిపడిన ఈ సూత్రము ఒక మిల్లునకు సరిపడకపోవునా? 2023లో మన పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టముయు ఇదే చెప్పుచున్నది. ఖాతాదారుల వివరములతో కూడిన పనిని వేరొకరిచే చేయించినను, దాని బాధ్యత చేయించినవానిపైననే నిలుచును.

మిల్లు యజమాని అప్పగింపరానివి మూడు. మొదటిది, ఖాతాలలో నమోదైన సెల్‌ఫోను నంబరు. అది యజమానిది గాని, కుటుంబములో ఆయన నమ్మినవారిది గాని కావలెను. గుమాస్తాది గాని, పన్ను సలహాదారుది గాని, సంరక్షణ సంస్థది గాని కారాదు. ఈ-వే బిల్లు ఖాతాలో ప్రవేశించుటకు పాస్‌వర్డుతోపాటు రెండవ గుర్తింపు కూడ 2025 ఏప్రిల్ 1 నుండి అందరికిని విధింపబడినది. కావున పూర్వముకంటె ఇప్పుడు ఆ నంబరే అసలు తాళపుచెవి. రెండవది, పాస్‌వర్డుల పట్టిక. దానిని కవరులో పెట్టి సీలు వేసి ఇంటి ఇనుప పెట్టెలో ఉంచవలెను. ఒకటి మారినపుడెల్ల పట్టిక మార్చవలెను. మూడవది, బ్యాంకు ఖాతానుండి సొమ్ము పంపు అధికారము. యంత్రమును కాచువానికి సొమ్ముతో పనిలేదు.

ఈ మూడును ఇంట ఉన్నను అపాయములు పూర్తిగ తొలగవు. 2024 జూలై 31న జరిగినదానిని చూడుడు. చిన్న బ్యాంకులకు కంప్యూటరు సేవలందించు సి-ఎడ్జ్ అను సంస్థ వ్యవస్థపై సొమ్మడుగు దుష్ట ప్రోగ్రాము పడినది. వ్యాధి వ్యాపింపకుండ దేశపు చెల్లింపుల సంస్థ ఆ వ్యవస్థను తనతో కలియనీక విడదీసినది. దానితో సుమారు మూడు వందల చిన్న బ్యాంకుల చెల్లింపులు నిలిచినవి. మరునాడు తిరిగి కలిసినవి. ఆ బ్యాంకుల కిటికీలవద్ద నిలిచిన ఖాతాదారులకు ఆ సంస్థ పేరైనను తెలియదు. పదిమంది ఒకే కొమ్మపై కూర్చున్నపుడు కొమ్మ బలము పదిమందియు విచారింపవలెను.

అట్లని ఇంటనే ఉంచుకొన్నచో క్షేమమని ఎంచరాదు. 2022 జనవరిలో హైదరాబాదులోని ఏ.పి. మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకునుండి దొంగలు పన్నెండు కోట్ల రూపాయలకు పైగా తరలించిరి. అంతకు పూర్వము ఉద్యోగులకు వచ్చిన మోసపు ఈ-మెయిళ్ళను తెరచుట వలన వారు లోనికి చొరబడిరని పోలీసులు తెలిపిరి. ద్వారము తెరచినది లోపలివారే, తెలియక. కావున కావలి పెట్టుటతోపాటు ఇంటివారికి జాగ్రత్త నేర్పుటయు సంరక్షణలోని భాగమే. ఒకవేళ మోసము జరిగినచో ఆలసింపక 1930 నంబరునకు ఫోను చేయవలెను. గడియలు గడచిన కొలది సొమ్ము చేతులు మారుచుండును.

ఇంక ఒప్పందము వ్రాసికొనునపుడు అడుగవలసిన మాటలు కొన్ని. యంత్రము ఆగినదని చెప్పిన ఎన్ని గంటలలో వత్తురు? వరికోతల కాలములో, రాత్రివేళ వత్తురా? నకలు ఎచ్చట ఉంచుదురు? ఒక ప్రతి మా మిల్లులోను, మరియొకటి వేరొక చోటను ఉండునా? మా లెక్కలు మీలో ఎవరు చూడగలరు? పొరుగువారికి చెప్పినచో మీపై బాధ్యత ఏమి? రేపు మిమ్ము మానిపించిన, ఎన్ని దినములలో సమస్తమును మాకు అప్పగింతురు? ఈ కడపటి ప్రశ్నను మొదటి దినముననే అడుగవలెను. పెండ్లి సంబంధము మాటలాడునపుడు విడిపోవుట తలపరాదు గాని, వ్యాపార సంబంధమునందు తలపవలెను. సమాధానములు నోటిమాటగా కాక కాగితముపై ఉండవలెను.

వీటికి తోడు ఒక పరీక్ష. ఆరు నెలలకొకసారి, నకలునుండి ఒక నెల లెక్కను తిరిగి తీసి చూపుమని సంరక్షకుని అడుగుడు. తీసి చూపినవాడు నమ్మదగినవాడు. నకలు ఉన్నదని చెప్పుటయే గాని ఎన్నడును తీసి చూపనివాని నకలు, కప్పులో కట్టిన విత్తనపు మూట వంటిది. మొలకెత్తునో లేదో విత్తిననాడు గాని తెలియదు. ఆనాటికి అదను దాటిపోవును.

ఈ ఏర్పాటు వలన మరియొక మేలు కలదు. ఒక మిల్లు ఒక నిపుణుని పోషింపలేదని చెప్పితిమి. కాని ఇరువది దుకాణములు, మిల్లులు కలిసి నలుగురు యువకులను పోషింపగలవు. చెన్నైకి బండి ఎక్కు నలుగురు పిల్లలు నాయుడుపేట బజారులోనే ఒక గది తీసికొని, ఇరువది వ్యాపారముల కంప్యూటర్లను కాచుచు, రాత్రికి తల్లిదండ్రుల ఇంట భోజనము చేయవచ్చును. ఒకడు మానినను మిగిలిన ముగ్గురికి పని తెలిసియుండును. మిల్లు యజమాని లారీ ఆగదు. వారు ఊరివారగుటచే తప్పు చేసిన ముఖము చాటుచేయుటకును వీలుండదు.

మిల్లు యజమాని ఇప్పుడేమి చేసినారని శ్రోతలు అడుగవచ్చును. ఆయన ఇంకను ఎవ్వరితోను ఒప్పందము వ్రాసికొనలేదు. ఇద్దరు ముగ్గురిని విచారించుచున్నారు. కాని లారీ కదలిన దినముననే ఖాతాలోని సెల్‌ఫోను నంబరు మార్పించి తన నంబరు వేయించినారు. పాస్‌వర్డుల కవరును ఇల్లాలి చేతికిచ్చి, ఇంటి తాళములతోపాటు ఉంచుమన్నారు. "ధాన్యం కొలిచేవాడు వేరే, మర తిప్పేవాడు వేరే. గాదె తాళం మాత్రం మా ఇంట్లోనే ఉంటుంది" అని నవ్వినారు. సంరక్షణను నిపుణులకు అప్పగింపగోరు వర్తకులు ఆ మొదటి పనిని ఈ రాత్రియే చేసికొనవచ్చును. అందులకు ఎవ్వరి సహాయమును అక్కరలేదు, వ్యయమును లేదు.